ఇస్త్రీ తాత రాజీనామా

మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆ పొద్దున ఒక సందేశం వచ్చింది. వెనక గేటు దగ్గర ఇస్త్రీ చేసే ఆయన నిన్న పోయారు, బట్టలు ఇచ్చినవాళ్లు వాచ్‌మన్‌ని కనుక్కోండి అని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఆ బొమ్మల మధ్యలోనే ఎవరో తమవి రెండు కుర్తాలు, ఒక చుడీదారు ఉన్నాయని రాశారు. ఇంకెవరో ఆయన పేరేమిటని అడిగారు. నూట ఎనభై ఫ్లాట్లలో ఒక్కరూ జవాబివ్వలేదు. చివరికి ఒకాయన ఫొటో పెడితే, అయ్యో మన ఇస్త్రీ తాతా అని అందరూ అప్పుడు బాధపడ్డారు.

ఆయన పేరు నాకు తెలుసు. ఆధార్‌లో ఒక తీరుగా, పాన్ కార్డులో ఇంకో తీరుగా, బ్యాంకు పుస్తకంలో మరో తీరుగా ఉన్న ఆ పేరును ఒక్క దారికి తేవడానికి నెల రోజులు తిరిగినవాణ్ణి నేను. అయినా ఇక్కడ రాయను. ఒక కంపెనీ కాగితాల్లోంచి ఆ పేరు తీయించుకోవడానికి ఆయన నా ప్రాణం తోడేశాడు. అంత కష్టపడి దింపించుకున్న పేరును నేను మళ్లీ ఇంకో కాగితం మీదికి ఎక్కించడం న్యాయం కాదు.

గోపన్‌పల్లి పాత ఊరికీ మా అపార్టుమెంటుకీ నడుమ ఒక గోడ ఉంది, ఆ గోడలో చిన్న గేటు ఉంది. గేటు పక్కన నాలుగు రేకుల కింద ఆయన బల్ల. బల్ల మీద మడతలు పెట్టి పరిచిన పాత దుప్పటి, దాని మీద తళతళలాడే ఇత్తడి ఇస్త్రీ పెట్టె. బొగ్గుల పెట్టె. కరెంటు పెట్టె కొనుక్కోరాదా తాతా అని ఎవరైనా అంటే, "కరెంటు పోతె మీరు ఆఫీసు బంద్ వెడతరు, నాకు అట్ల నడవది" అనేవాడు.

మనుషుల్ని మొహాలు చూసి గుర్తుపట్టే అలవాటు ఆయనకు లేదు. బట్టలు చూసి గుర్తుపట్టేవాడు. బి బ్లాకులో ఉండే పెద్ద మేనేజరు గారు ఆయన లెక్కలో 'కాలర్ అరిగిన నీలం చొక్క'. ఆ మేనేజరు గారి భార్య 'గంజి తక్కువ మేడం'. ఒక ఆదివారం నేను లుంగీ కట్టుకుని పాల ప్యాకెట్టు కోసం పోతూ పలకరిస్తే, ఎవరింటికి పోవాలని నన్నే అడిగాడు. నాలుగేళ్లుగా నా చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న మనిషి.

బట్టల్లోంచి ఆయన చదవని సంగతి లేదు. కొత్త చొక్కాలు వరసగా రెండు మూడు వస్తే ఇంటర్వ్యూలు. ఒకే చొక్కా వారంలో మూడుసార్లు వస్తే ఆ ఇంట్లో ఆడమనిషి పుట్టింటికి పోయినట్టు. నెల రోజులు ఏమీ రాకపోతే ఉద్యోగం పోయినట్టు. కరోనా కాలంలో అందరూ ఇంట్లో కూర్చుని పనిచేసిన రోజుల్లో మాత్రం ఆయన చదువు పనికిరాలేదు. చొక్కాలే వస్తున్నాయి, ప్యాంట్లు రావడం లేదు. అందరూ కూడబలుక్కుని ప్యాంట్లు వేరే ఇస్త్రీవాడికి ఇస్తున్నారేమోనని అనుమానపడ్డాడు. వీడియో మీటింగులంటే ఏమిటో నేను వివరించి చెప్పాక, "అయితె నడుము దాంకనే నౌకరి అన్నట్టు" అన్నాడు.

చేతికి ఏది దొరికినా అరచేత్తో సాపు చేయడం ఇంకో అలవాటు. కరెంటు బిల్లు, పాత నోటు, పొట్లం విప్పిన కాగితం, ఏదైనా సరే. మనం మాట్లాడుతుంటే కళ్లలోకి చూడడు, మన భుజం మీది ముడతను చూస్తాడు. ఒకసారి మాట మధ్యలో చెయ్యి చాచి నా భుజం మీద రెండుసార్లు రుద్ది, "ఆఁ, ఇప్పుడు జెప్పుండ్రి" అన్నాడు. ముడతలు పడని చొక్కాలని అంగళ్లలో అమ్ముతారే, వాటిని మాత్రం చేత్తో కూడా తాకేవాడు కాదు. రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన ఎలుకను చూసినట్టు చూసి, వాపసు చేసేవాడు.

నేను చేసేది కంపెనీ సెక్రటరీ పని. కంపెనీలు పెట్టేవాళ్లకూ మూసేవాళ్లకూ సర్కారుకు పెట్టుకోవలసిన ఫారాలు నింపి పెడతాను. మదీనాగూడలో ఒక ఫర్నిచర్ షాపు పైన నా ఆఫీసు. ఈ సంగతి ఆయనకు చెప్పినప్పుడు సెక్రటరీ అన్న ఒక్క ముక్కే చెవికెక్కింది. అప్పటినుంచి సి బ్లాకు లిఫ్టు ఆగిపోయిందని, మంజీరా నీళ్లు రాలేదని నాకు ఫిర్యాదులు. ఒక రోజు నా కారులో నల్లకోటు చూశాక నేను వకీలునని తేల్చుకున్నాడు. ఆ తర్వాత ఎంత చెప్పినా వినలేదు.

ఆ రోజుల్లో మా ఐదో అంతస్తులో ఇద్దరు కుర్రాళ్లు అద్దెకుండేవాళ్లు. ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు వదిలి సొంతంగా ఏదో ఒకటి చేయాలని తహతహలాడుతున్నవాళ్లు. ఒకతను గుంటూరు వైపువాడు, ఎప్పుడూ గళ్ల చొక్కా. రెండో అతను ఈ ఊరివాడే, ఏడాది పొడుగునా నల్ల టీషర్టు. తాత వాళ్లను ఆ పేర్లతోనే పిలిచేవాడు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. నల్ల టీషర్టుకు ఇస్త్రీ అక్కరలేదు కాబట్టి ఆయన దృష్టిలో అతను పూర్తి మనిషి కాదు.

వాళ్లిద్దరికీ వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఫోన్లో నొక్కితే మనిషి వచ్చి బట్టలు తీసుకుపోయి, మర్నాటికి ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చి ఇచ్చే వ్యాపారం. దానికి జనానికి నమ్మకం కలిగించే ఒక మొహం కావాలి. తాతకు రెండు చెంపలనూ ఆక్రమించిన తెల్ల మీసం ఉండేది. వాళ్లు ఆ మీసాన్ని చూశారు. ఆయన్ని భాగస్వామిగా చేర్చుకుంటామని నా దగ్గరికి తీసుకొచ్చారు.

వాళ్లు పెట్టింది ఎల్‌ఎల్‌పీ, అంటే బాధ్యతకు హద్దు గీసిన భాగస్వామ్యం. కంపెనీ మునిగితే అందులో పెట్టింది పోతుందిగానీ, అప్పులవాళ్లు భాగస్వామి ఇంటిమీదికి రాకూడదు. తాతకు అర్థమయ్యేలా చెప్పాను, కంపెనీ మునిగినా మీ ఇల్లు మునగదని. ఆయన స్టాంపు కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ, "తేలితె ఇల్లు గూడ తేలుతదా?" అని అడిగాడు.

ఎందుకు ఒప్పుకున్నారని తర్వాత అడిగితే ఆయన చెప్పింది ఇదే. డెబ్బయి ఏళ్ల బతుకులో అందరూ ఇస్త్రీ ఇస్త్రీ అని పిలిచారట. ఆ ఇద్దరు వచ్చి మొదటిసారి పార్ట్‌నర్ అన్నారట.

ప్రతి భాగస్వామీ తన వంతుగా ఏదో ఒకటి కంపెనీలో పెట్టాలి. డబ్బే కానక్కర్లేదు, వస్తువైనా చెల్లుతుంది. తాత దగ్గర పెట్టడానికి ఏముంది అని ముగ్గురూ చూసుకుంటుంటే నేనే ఉత్సాహపడి, పెట్టె ఉందిగా అన్నాను. ఇత్తడి ఇస్త్రీ పెట్టె ఒకటి అని రాసి, ఎదురుగా నాకు తోచిన విలువ వేశాను. కుర్రాళ్లు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. తాత మాత్రం కాగితం సాపు చేసే పనిలో ఉన్నాడు. నా వృత్తిలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దానికి మొదటి పీట వేస్తాను.

కంపెనీ ఆఫీసు హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తు. ఒక్కో గది ఒక్కో చిన్న కంపెనీకి అద్దెకిచ్చే భవనం అది. బట్టలు ఉతికేదీ ఇస్త్రీ చేసేదీ ఊరవతల షెడ్డులో, ఆవిరి మిషన్ల మీద. తాతను మాత్రం తొమ్మిదో అంతస్తులో కూర్చోబెట్టారు. ఆయన మీసాల మొహమే కంపెనీ గుర్తు. స్కూటర్ల మీద అదే, సంచుల మీద అదే. ఆయనకిచ్చిన టీషర్టు మీద కూడా అదే. తన మొహాన్ని తన రొమ్ము మీద మోసుకుంటూ ఆయన పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చల్లటి గదిలో కుర్చీలో కూర్చునేవాడు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే లేచి చేయి కలపాలి. ఇత్తడి పెట్టెను అద్దాల పెట్టెలో పెట్టి లైటు వేశారు. బొగ్గులు లేవు, వేడి లేదు.

ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం మదీనాగూడలో నా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. కూర్చుని, బల్ల మీది నా విజిటింగ్ కార్డు తీసుకుని సాపు చేయడం మొదలుపెట్టాడు. కాసేపటికి అసలు సంగతి బయటపెట్టాడు. బట్టలకు గీతల గీతల చీటీలు అంటిస్తున్నారట, ఏ బట్ట ఎవరిదో మిషను చెబుతుందట, ఆయనకు మాత్రం ఏ ఒక్క బట్టా ఎవరిదో తెలియడం లేదట. ఒకసారి షెడ్డుకు పోయి ఒక చొక్కా చేతిలోకి తీసుకుంటే, ముట్టుకోకండి తాతా, మీరు పార్ట్‌నరు అన్నారట.

"ఇగ బయటికొస్త సార్" అన్నాడు. "తొవ్వ జెప్పుండ్రి."

దారి చెప్పాను. ముందు మిగతా ఇద్దరికీ ముప్పై రోజుల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. గడువు తీరాక కంపెనీ వ్యవహారాల్లో వేలు పెట్టే హక్కు ఉండదు. ఆ మాటకు ఆయన ప్రాణం లేచొచ్చింది. "వాళ్ల గురించి పరేషాన్ అయ్యుడు గూడ బంద్ అన్నట్టేనా?" అన్నాడు. అదీ బందే అన్నాను. రెండోది, లోపల ఉన్నప్పుడు నెత్తిన పడ్డ బాధ్యతలు బయటికొచ్చినంత మాత్రాన చెరిగిపోవు. అది చట్టం చెప్పాలా అన్నట్టు చూశాడు.

ఆ చూపు ఫలితం పదిరోజులకు తెలిసింది. ఆయన భాగస్వామిగా ఉండగా మా ఎ బ్లాకు టీచరమ్మ పట్టుచీర కొంగు మిషన్ కింద కొద్దిగా కమిలిందట. ఆ సంగతి ఆవిడ చూసుకోనే లేదు. తాత వాళ్లింటికి పోయి, తలుపు కొట్టి, నా జమానాల కమిలింది తల్లీ అని చేతులు జోడించాడు. ఆవిడ లోపలికి పోయి చీర మడత విప్పి చూసుకుని, అప్పుడు మొదలుపెట్టింది ఏడుపు.

ఇక మూడోది అన్నిటికన్నా ముఖ్యమని చెప్పాను. కంపెనీతో వ్యవహారం ఉన్న బయటివాళ్లకు ఈయన వెళ్లిపోయినట్టు తెలియాలి, లేదా ప్రభుత్వ రిజిస్ట్రారుకు ఫారం చేరాలి. ఆ రెండిట్లో ఏదీ జరగనంత కాలం బయటివాళ్ల లెక్కలో ఆయన ఇంకా భాగస్వామే. ఫారం పెట్టవలసింది కంపెనీ. వాళ్లు పెట్టకపోతే ఈయనే పెట్టుకోవచ్చు.

"అంటె అందరికి జెప్పాలె" అన్నాడు.

నోటీసు ఇచ్చాం, ముప్పై రోజులు అయిపోయాయి. తాత తన రేకుల కిందికి తిరిగొచ్చాడు. అందరికీ చెప్పడానికి నన్ను రెండు వాక్యాలు రాసిమ్మంటే రాసిచ్చాను. జిరాక్సు షాపులో ఆరేడు వందల చీటీలు కొట్టించి, కత్తిరించి, ఒక్కొక్కదానికి ఇస్త్రీ చేసి, చేతికొచ్చిన ప్రతి చొక్కా జేబులో ఒకటి పెట్టాడు. ఆఫీసుల్లో మీటింగులప్పుడు జేబులు తడుముకున్న వాళ్లందరికీ తాత రాజీనామా దొరికింది.

నేను కాగితం భాషలో రాశాను, అదే చిక్కు తెచ్చింది. 'ఈ తేదీ నుండి మా మధ్య ఎట్టి సంబంధమూ లేదని, ఇకపై వారి చర్యలకు నేను బాధ్యత వహించనని ఇందుమూలముగా తెలియజేయడమైనది.' ఎవరికీ ఎవరికీ మధ్య అన్నది పై వాక్యంలో ఉంది. కత్తిరించేటప్పుడు కొన్ని చీటీల్లో పై వాక్యం ఎగిరిపోయింది. డి బ్లాకులో ఒకావిడకు భర్త చొక్కా జేబులో ఈ చీటీ దొరికింది. ఆ మహాతల్లి అతన్ని నిలదీసింది. అతను బిక్కచచ్చిపోయి, నాకేం తెలీదంటే వినలేదు. ఆ రాత పోకడ చూస్తే ఎవరో చదువుకున్న మనిషిలా ఉందని కూడా అందట. చివరికి ఇద్దరూ కలిసి నా తలుపు కొట్టారు. నేను ఒప్పుకున్నాక అతను నన్ను కావలించుకోవడం ఒక్కటే తక్కువ.

అంతా బాగానే ఉందిగానీ, తాత చేతిలో ఇత్తడి పెట్టె లేదు. ఎవరో ఇచ్చిన కరెంటు పెట్టెతో నెట్టుకొస్తున్నాడు. దాని అంచు తెల్లబట్ట మీద మరక వేస్తోందని సణుక్కునేవాడు. ఆ ఇత్తడి పెట్టె వాళ్ల నాయనదట. పెట్టె ఇప్పించమని అడిగాడు. కుర్రాళ్లను అడిగితే నల్ల టీషర్టు చట్టం మాట్లాడాడు. తప్పు కూడా కాదు. వెళ్లిపోయే భాగస్వామికి దక్కేది ఆయన పెట్టినదానికి కాగితంలో కట్టిన విలువ, లాభముంటే అందులో వాటా. పెట్టిన వస్తువే తిరిగి ఇవ్వాలని లేదు. పెట్టె ఇప్పుడు కంపెనీది. ఇది తాతకు నేనే చెప్పవలసి వచ్చింది.

అంతా విని, "విలువ కట్టింది ఎవలు?" అన్నాడు.

నేనే అన్నాను.

"మీరు దానితోని ఎన్నడన్న ఇస్త్రీ జేసిండ్రా సార్?"

ఆ తర్వాత వారం రోజులు ఆయన గేటువైపు పోవడానికి మొహం చెల్లక నేను ముందు గేటునుంచే తిరిగాను.

ఈలోగా కంపెనీ వాళ్లు ఫారం పెట్టలేదని నాకు తెలిసింది. మీసం కంపెనీలో లేదంటే బాగుండదని వాయిదా వేస్తున్నారు. వాళ్లు పెట్టకపోతే మనమే పెడదాం తాతా అన్నాను. అప్పటిదాకా పేరు తీసిండ్రా, పేరు తీసిండ్రా అని రోజుకు రెండుసార్లు పీడించిన మనిషి, బల్ల మీది దుప్పటి సవరిస్తూ, "జర ఆగుండ్రి సార్, తొందరేమున్నది" అన్నాడు. నాకు అప్పుడైనా అనుమానం రావలసింది.

రెండో రోజు మధ్యాహ్నం ఆయన కంపెనీ టీషర్టు తీసి ఉతుక్కుని, తన మొహానికి తానే ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని హైటెక్ సిటీకి పోయాడు. భోజనాల వేళ. కుర్రాళ్లిద్దరూ కిందికి దిగారు. అద్దాల పెట్టెకు తాళం లేదు. ఇస్త్రీ పెట్టెను ఎవరు ఎత్తుకుపోతారని వేయలేదు. తాత దాన్ని తీసుకుని లిఫ్టులో కిందికి వచ్చాడు. వస్తువు బయటికి పోవాలంటే గేటు పాసు కావాలి, దాని మీద కంపెనీ భాగస్వామి సంతకం ఉండాలి అన్నాడు సెక్యూరిటీ గార్డు. ఏడాదిపాటు రోజూ ఈయనకు సెల్యూట్ కొట్టినవాడే. తాత పాసు రాయించి, కింద పార్ట్‌నర్ అన్నచోట తెలుగులో సంతకం పెట్టాడు. గార్డు సంతకం చూశాడు, టీషర్టు మీది మొహం చూశాడు, పైనున్న మొహం చూశాడు. మూడూ సరిపోయాయి. బరువుగా ఉందని షేర్ ఆటో దాకా తానే మోసుకొచ్చి ఎక్కించాడు కూడా.

సాయంత్రం కుర్రాళ్లిద్దరూ గేటు పాసు కాగితంతో నా ఆఫీసుకు వచ్చిపడ్డారు. నేను తాతకు ఫోను చేసి పిలిపించాను. ఆయన తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుని, పరీక్షకు వచ్చిన పిల్లాడిలా బల్ల చివర కూర్చున్నాడు.

గళ్ల చొక్కా మెల్లగానే మాట్లాడాడు. "మాతో ఒక్క మాట చెప్పుంటే బాగుండేది కదండీ తాతగారూ" అన్నాడు. నల్ల టీషర్టు మాత్రం నిప్పులు కక్కాడు. కంపెనీ వదిలేసిన మనిషి పార్ట్‌నర్ అని సంతకం పెట్టడం మోసమన్నాడు. ఆ గార్డు ఏజెన్సీకి ఫోను చేస్తానని, రేపటికల్లా వాణ్ణి ఉద్యోగంలోంచి తీయిస్తానని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

తాత లేచి నిలబడ్డాడు. "ఆయన నౌకరి ముచ్చట ఎత్తకు బిడ్డా" అన్నాడు. "ఆయనకు ఏం తెల్వది. తప్పుంటె నాది. పోలీసులకు జెప్పుకో, నేను ఈడనే కూసుంట. ఆయన జోలికి మాత్రం పోకు."

ఆ ఇత్తడి పెట్టె కోసం అడిగినప్పుడు కూడా ఆయన ఇలా లేచి నిలబడలేదు.

అప్పుడు నేను నా కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను. ఇన్నాళ్లకు నా చదువు ఒకరికి పనికొచ్చే ఘడియ వచ్చింది. ఫారం పెట్టారా అని అడిగాను. లేదన్నారు. ఈయన వెళ్లిపోయారని ఆ భవనం వాళ్లకు చెప్పారా అన్నాను. అదీ లేదు. అలాగైతే, బయటివాడైన ఆ గార్డు లెక్కలో ఈయన ఇవాళ్టికీ మీ భాగస్వామే, ఆ సంతకాన్ని నమ్మడంలో అతని తప్పు పిసరంతైనా లేదు, ఎవరికి ఫోను చేసినా ముందు అడిగేది మీరు పెట్టని ఫారం గురించే అని చెప్పాను. ఇక మీకూ ఆయనకూ మధ్య పెట్టె తగాదా అంటారా, అది ఉంది, అది వేరు. దాన్ని ఇక్కడే తెంచుకోండి అన్నాను.

నల్ల టీషర్టు ఫోను జేబులో పెట్టుకున్నాడు. కానీ ఒక సందేహం అతన్ని వదల్లేదు. "అపార్ట్‌మెంట్ మొత్తానికి చీటీలు పంచినవ్ కద తాతా" అన్నాడు. "గా సెక్యూరిటీకి ఎందుకు చెప్పలే?"

తాత చాలా శాంతంగా జవాబిచ్చాడు. "ఆయన బట్టలు నా దగ్గరికి రావు బిడ్డా. యూనిఫారం వాళ్ల కంపెనీలనే ఉతుకుతరు."

ముందు గళ్ల చొక్కా నవ్వాడు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. కొంతసేపటికి నల్ల టీషర్టు కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ నవ్వు చల్లారకముందే నేను కాగితం రాసేశాను. పెట్టె తాతది, దానికి కట్టిన విలువ ఆయన అడగడు. మీసం బొమ్మ మాత్రం తీయలేమని, స్కూటర్లన్నిటి మీదా వేయించామని కుర్రాళ్లు అన్నారు. ఉంచుకొమ్మన్నాడు తాత. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఫారం ఆ సాయంత్రమే నేనే దగ్గరుండి పంపించాను.

మర్నాడు పొద్దున నేను వెనక గేటు దగ్గరికి పోతే, బల్ల వెనక ఎవరో కొత్తాయన ఇస్త్రీ చేస్తున్నాడు. తాతేడీ అని అడిగాను. ఆ కొత్తాయన తలెత్తి నవ్వాడు. మీసం లేదు. పై పెదవి అంతా చంటిపిల్లవాడి చర్మంలా తెల్లగా ఉంది. ఇదేం పని అంటే, "గా మొహం వాళ్లకిచ్చిన గద సార్. ఇగ నాకొకటి గావాలె" అన్నాడు.

ఆ కంపెనీ తర్వాత ఇంకేదో పెద్ద కంపెనీలో కలిసిపోయింది. తాత ఆ రేకుల కిందే మరో మూడేళ్లు పనిచేశాడు. మొన్న ఒక పొద్దున లేవలేదు. అంతే.

దినాలు అయిపోయాక నేను గోపన్‌పల్లి పాత ఊళ్లో వాళ్లింటికి పోయాను. రెండు గదుల రేకుల ఇల్లు. పలకరించడానికే పోయాను గానీ, నావి రెండు చొక్కాలు కూడా వాళ్ల దగ్గరే ఉన్నాయి, ఆ మాట దాచను. ముందు గదిలో ఆయన భార్య నిలబడి ఆ ఇత్తడి పెట్టెతోనే ఇస్త్రీ చేస్తోంది. పొట్టి మనిషి, కాళ్ల కింద చెక్క ముక్క వేసుకుంది. నన్ను కూర్చోమని, చేతిలో ఉన్న చొక్కా ముగించే పనిలో పడింది. తెల్ల చొక్కా. కాలర్, భుజాలు, చేతులు, వీపు, చూస్తుండగానే అయిపోయింది. నేను ఇన్నేళ్లుగా తొడుక్కుంటున్న మడత అదే.

ఈ వయసులో మీరిప్పుడు ఈ పని నేర్చుకోవలసి వచ్చిందా అమ్మా అన్నాను.

ఆమె నావైపు కొంచెం వింతగా చూసింది. "నేర్సుకునుడేంది సారూ? సగం బట్టలు రోజు మాపటికి పెట్టెతోని ఇంటికే వస్తుండె. తెల్లయి, పట్టుయి అన్ని నేనే జేస్తుంటి. ఆయన గేటుకాడ ముచ్చట్లు వెట్టెటోడు."

ఫిర్యాదుగా అనలేదు. ఉన్నమాట చెప్పింది. మరి ఆయన కంపెనీలో చేరిన ఏడాది మీకు కొంచెం సుఖంగా ఉండి ఉంటుంది అన్నాను.

"యాడి సుఖం? చేతులు కట్టేసినట్టయింది" అంది. "ఏడాది గోడలు జూసుకుంట కూసున్న. ఒకనాడు నేనే అన్న, నువ్వు బయటికొస్తవా, నన్ను గా కంపెనీలకు రమ్మంటవా అని. తెల్లారి మీ దగ్గరికి ఉరికిండు."

నేను ఆ కంపెనీ కాగితాలు నా చేత్తో రాశాను. భాగస్వాములు ముగ్గురు అని రాశాను. ఎవరేమి తెచ్చి పెట్టారో వరసగా రాశాను. మీ పనిలో ఇంకెవరైనా ఉన్నారా అని ఆయన్ని ఒక్క మాట అడగాలని నాకు తట్టలేదు.

ఆమె నా చొక్కాలు రెండూ ఏరి, పాత పేపరు చుట్టి, దారం కట్టింది. ఇచ్చేముందు అడిగింది.

"గా కంపెనీ కాయితాలల్ల నా పేరు ఏడన్న రాసిండ్రా సారూ?"

లేదమ్మా, ఎక్కడా రాయలేదని చెప్పాను.

"మంచిగ జేసిండ్రు" అంది. "తీపిచ్చుకునే తిప్పల లేదు. బేస్తవారం సంది నేనే వస్త గేటుకాడికి, బట్టలుంటె పంపుండ్రి."